ఆవుకు పలకరింపు

తప్పంతా బామ్మర్ది గిరీష్‌దేనని కృష్ణప్ప నేటికీ అంటాడు. ఆయన పుంగనూరు పొట్టి ఆవును ఫోన్‌లో వేలానికి పెట్టింది గిరీష్. కుప్పం మునిరత్నం లక్షా నలభై రెండు వేల ఐదు వందలకు పాడి గెలిచాడు. మర్నాడే మదనపల్లె రాజేంద్ర లక్షా అరవై ఇస్తానన్నాడు. "పాట అయినాక మాట మారిస్తే బాగుండదు బావా. ఆవు సచ్చిపోయిందని చెప్పు, మళ్లా ఎవురడుగుతారు?" అని ఉపాయం చెప్పిందీ గిరీషే. ఫోన్‌లో ఆ మాట అన్న నోరు ఎవరిదో మాత్రం కృష్ణప్ప చెప్పడు.

ఆ శుక్రవారం ఆయనకున్న పని ఒకటే: తొమ్మిదికి రాజేంద్ర వ్యాను వస్తే ఆవును ఎక్కించి, డబ్బుతో బ్యాంకుకు పోవడం. ఎనిమిదిన్నరకే ఫోను మోగింది.

"అప్పా, నేను మునిరత్నం. మీ వీధిలోకి వచ్చినా. పోయినేడు నా ఆవూ పోయిండాది, ఆ బాధ నాకు తెల్సు. పలకరించి పోతా."

కృష్ణప్ప పరుగున పోయి ఆవును స్నానాల గదిలోకి తోశాడు. నడుమెత్తు కూడా లేని ఆవు, అందులో ఇట్టే పట్టింది. ఆ తలుపుకు గొళ్లెం ఊడి ఏడాదైంది.

"బతికుండే దానికి ఏడవాల్నా నేను?" అంది భార్య అమరావతి.

"ఏడవొద్దులే, తల వంచుకోని నిలబడు."

మునిరత్నం చామంతి దండ, పసుపు కుంకుమ, టెంకాయ తెచ్చాడు. "యాడ పూడ్సినారప్పా?"

నీళ్ల పైపు కోసం తవ్వి పూడ్చిన గుంత వైపు కృష్ణప్ప వేలు దానంతటదే లేచింది. మునిరత్నం చెప్పులు విడిచి, ఆ మట్టి మీద పసుపు కుంకుమ చల్లాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడలేక కృష్ణప్ప గోడ వైపు తిరిగాడు. అటు నుంచి రాజేంద్ర వ్యాను దిగి వస్తున్నాడు.

"ఈ పూజ యాలప్పా? పొద్దున ఫోన్ జేస్తే ఆవు మేస్తాండాదంటివే?"

"ఇప్పుడే... పోయింది," అన్నాడు కృష్ణప్ప. అలా ఒకే ఆవును రెండోసారి చంపాడు.

అంతలో మునిరత్నం టెంకాయ కొట్టాడు. ప్రతి శుక్రవారం పూజ అయ్యాక ఆ ఇంట్లో మొదటి కొబ్బరి ముక్క ఆవుదే. చప్పుడు వినగానే అది కొమ్ముతో తలుపు తోసుకుని వచ్చి, అందరి మధ్య నుంచి నడిచి, మునిరత్నం చేతిలోని చిప్పకు నోరు పెట్టింది.

"దండ తెచ్చినాయనకొగసారి, నాకొగసారి ఒగే ఆవును సంపినోడు, పాల సంగతి నాకెంత నిజం చెప్పింటాడు!" రాజేంద్ర వ్యాను తిప్పుకుని పోయాడు.

మునిరత్నం గుంత మీద వేయాలని తెచ్చిన దండను ఆవు మెడలో వేశాడు. తిట్టి ఉంటే కృష్ణప్పకు కొంత నయంగా ఉండేది.

"అన్నా, పాట ధరకే మీరు తోలుకోని పోండి. కాళ్లు పట్టుకుంటా."

"పలకరింపుకొచ్చినోడు ఆవును తోలుకోని పోతాడాప్పా? బతికుండాది గదా, అదే సాలు."

పలకరింపుకు వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు "పోయొస్తా" అనకూడదు. మునిరత్నం అనకుండానే పోయాడు.

ఆ గుంతలో కృష్ణప్ప పూడ్చిపెట్టింది అక్షరాలా ఒక లక్షా నలభై రెండు వేల ఐదు వందల రూపాయలు.