ఒకే నాలుక చట్టం, ఉర్రుతీ గారి కుక్క

ఒక దేశం ఒక్కటిగా నిలవాలంటే దాని ప్రజలు ఒకే తిండి తినక్కర్లేదు, ఒకే దేవుణ్ణి కొలవక్కర్లేదు, ఒకే లెక్కన పన్ను కట్టక్కర్లేదు (ఈ ఆఖరి సంగతి మా రాష్ట్రంలోని ధనవంతులు ఏనాడో రుజువు చేశారు). ఒకే భాష మాట్లాడితే చాలు. ఈ మహాసత్యాన్ని సెనేటర్ వెండెల్ క్రౌడర్ గారు మా రాష్ట్ర సెనేట్‌లో ప్రకటించినప్పుడు సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను పైన గ్యాలరీలో, పత్రికల వాళ్ల బల్ల దగ్గర ఉన్నాను. ఆ పూట వరకూ మా రాష్ట్రంలో ఇంగ్లీషుకి ప్రాణం మీదికొచ్చిందని ఎవరికీ తెలియదు. ఇంగ్లీషుకి కూడా తెలిసి ఉండదు.

దాని పేరు ఒకే నాలుక చట్టం. ప్రభుత్వ సొమ్ముతో జరిగే ఏ పనిలోనైనా, ప్రభుత్వ భూమి మీద ఎవరికిచ్చే ఏ ఆదేశమైనా ఇంగ్లీషులోనే ఉండాలి. బిల్లును క్రౌడర్ గారు స్వయంగా రాశారు. అంటే, వాషింగ్టన్‌లోని ఒక సమైక్యతా కేంద్రం వాళ్లు రాసి పంపిన దానిలో రాష్ట్రం పేరు కోసం వదిలిన ఖాళీలను స్వయంగా పూరించారు. పదకొండో పేజీలో మాత్రం పక్క రాష్ట్రం పేరు ఉండిపోయింది. ఆ పేజీ మటుకు మేం ఇప్పటికీ పక్క రాష్ట్రమే.

చట్టం ప్రజలందరికీ సమానంగా వర్తించాలి కనుక, వర్తించకూడనివాళ్లు వరసలో నిలబడ్డారు. ఆ వరసకి ముందు లోరెట్టా క్వింబీ గారు కూర్చున్నారు. ఆవిడ వృత్తిని మా దగ్గర ప్రజా వ్యవహారాల సలహా అంటారు. పల్లెల్లో పైరవీ అంటారు. సమైక్యతా కేంద్రం బిల్లును క్రౌడర్ గారి బల్ల మీదికి చేర్చింది ఆవిడే, ఆ బిల్లు నుంచి తప్పించుకునే దారులు అమ్మిందీ ఆవిడే. గొడుగులమ్మేవాళ్లకి వానలు కూడా చేతిలో ఉంటే వ్యాపారం ఎంత సాఫీగా సాగుతుందో ఆ వేసవిలో చూశాను.

మొదట లాయర్లొచ్చారు, లాటిన్ లేకపోతే వాళ్ల ఫీజుకి బరువుండదు. వాళ్లకి మినహాయింపు. డాక్టర్లకి మినహాయింపు. జూదశాలల యజమానులు, డబ్బు పోగొట్టుకునేవాడికి తన మాతృభాషలో పోగొట్టుకునే హక్కు ఉందని వాదించారు, సభ చలించింది. పాల డెయిరీలు, మాంసం ఫ్యాక్టరీలు కలిసికట్టుగా వచ్చి ముప్పై ఒకటో మినహాయింపు సంపాదించుకున్నాయి: యాభై మందికి మించి పనివాళ్లున్న వ్యవసాయ కంపెనీలు, వాటి పశువులు, ఆ పశువులతో మాట్లాడేవాళ్లు. చివరికి రాష్ట్ర ముద్ర మీది నినాదం కూడా లాటినే అని ఒక గుమాస్తా కనిపెడితే, రాష్ట్రానికే మినహాయింపు ఇచ్చారు.

చట్టం మీద గవర్నరు సంతకం పడింది. దాన్ని అమలు చేయడానికి రాజధానిలో భాషా పరిరక్షణ కార్యాలయం తెరిచారు. అందులో డైరెక్టరు, ఉప డైరెక్టరు, వాళ్లిద్దరి మధ్య సమన్వయానికి ఒకాయన. జిల్లాకొక ఇన్‌స్పెక్టరు. తీరా చూస్తే పట్టుకోవడానికి మనిషి లేడు. అందరూ ఏదో ఒక మినహాయింపు కింద ఉన్నారు. నేరం లేకపోతే వచ్చే ఏడాది ఆఫీసు ఉండదు కాబట్టి, డైరెక్టరు గారు జిల్లాలన్నిటికీ గట్టిగా రాశారు: వెతకండి.

మా టస్కర్ కౌంటీలో వెతికితే గ్రాషియానా ఉర్రుతీ గారు దొరికారు.

ఆవిణ్ణి ఊరంతా అత్తా అనే పిలుస్తుంది, నేను కూడా. అత్త వాళ్లది బాస్క్ కుటుంబం. గొర్రెలు కాయడానికి సముద్రం అవతలి బాస్క్ కొండదేశం నుంచి తాతల నాడు వచ్చి మా ఎండుకొండల్లో స్థిరపడ్డారు. అత్త ఇక్కడే పుట్టింది. ఆవిడ ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే శుభ్రం. వేసవి రాకముందే కౌంటీ రోడ్ల పక్క గడ్డిని తన మంద చేత మేపించడం ఆవిడ కాంట్రాక్టు. గడ్డి ఎండి నిలబడితే ఒక్క సిగరెట్టు ముక్కకి కొండ మొత్తం అంటుకుంటుంది. ఆ మందను నడిపేది లగున్ అనే నల్ల కుక్క. పోయిన భర్త చేతుల్లో పెరిగిన కుక్క. ఆయన నేర్పిన బాస్క్ మాటలే దానికి తెలుసు. హతోర్ అంటే వస్తుంది, గెల్ది అంటే ఆగుతుంది.

ఇన్‌స్పెక్టరు ఎవరెట్ స్లోకమ్ కూడా మా ఊరివాడే. అతను జీపు దిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మంటల కాలం మీద ఏటా రాసే వ్యాసం కోసం అత్తతో మాట్లాడుతున్నాను.

"అత్తా, ఇప్పుడు కుక్కతో ఏదో అన్నావు," అన్నాడు.

"ఆగమన్నాను."

"ఏ భాషలో?"

"దానికి తెలిసిన భాషలో."

"వేళాకోళాలొద్దత్తా. నేనిప్పుడు ప్రభుత్వం."

"నువ్వు ప్రభుత్వమేంట్రా? మొన్నటిదాకా సంతలో కాటాలు సరిచూసేవాడివి కదూ?"

"ఆ ఆఫీసు మూసేశారు. ఆ డబ్బుతోనే ఇది తెరిచారు." స్లోకమ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇది కౌంటీ భూమి. కౌంటీ సొమ్ము. ఆదేశం ఇంగ్లీషులో ఉండాలి."

"నాకు ఇంగ్లీషు వచ్చు నాయనా. కుక్కకి రాదు."

"చట్టంలో కుక్క సంగతి లేదత్తా. చెప్పేవాళ్ల సంగతే ఉంది. ఒక్కసారి చెప్పి చూడు, నా కోసం."

అత్త నిట్టూర్చి, "లగున్, స్టాప్," అంది. లగున్ వెనక్కి తిరిగి, సొంత మనిషి ఉన్నట్టుండి 'మీరు' అంటే చూసినట్టు చూసింది. తర్వాత తన పని తాను చేసుకుంటూ మందను రోడ్డు మీదికి తోలింది. అవతలి నుంచి గడ్డిమోపుల లారీ వస్తోంది. స్లోకమ్ కంగారుగా రోడ్డు మధ్యకి ఉరికి, రెండు చేతులూ పైకెత్తి "స్టాప్! స్టాప్!" అని అరిచాడు. లారీ ఆగింది. కుక్క ఆగలేదు.

"గెల్ది!" అని కేక వేసింది అత్త. లగున్ అక్కడే కూలబడింది. మంద నిలిచిపోయింది.

"అదిగో, అదే," అన్నాడు స్లోకమ్, ఆయాసపడుతూ. "అదే నేరం."

అతను చెడ్డవాడు కాదు. కుర్రతనంలో అత్త ఇంట్లో ఎన్నోసార్లు వెల్లుల్లి సూపు తాగినవాడు. అందుకే తనే ఒక ఉపాయం చెప్పాడు: "మాటలెందుకత్తా, ఈల వెయ్యి. ఈలకి భాషేముంది?" అత్తకి ఆ ఆలోచన నచ్చింది. ముసలి కుక్కకి కొత్త ఈలలు నేర్పడానికి ఓపిగ్గా తంటాలు పడింది. ప్రతి ఈల వెనకా పాత మాట చెప్పి, మెల్లగా మాట తగ్గిస్తూ వచ్చింది. చివరికి లగున్ ఈలకే ఆగడం నేర్చింది. స్లోకమ్ సంతోషించి, నిబంధన ప్రకారం పై ఆఫీసుకి తెలియజేశాడు. పై ఆఫీసు ఒక నిపుణుణ్ణి నియమించింది. ఆయన రాజధానిలోనే కూర్చుని సమగ్రంగా విచారించి తేల్చాడు: బాస్క్ మాటకి బదులుగా నేర్పిన ఈల, బాస్క్ ఈల.

కాంట్రాక్టు నిలిపేశారు.

క్రౌడర్ గారి సెనేట్ కమిటీ ముందు చెప్పుకుంటానని అత్త రాజధానికి బయలుదేరింది. చర్చికి వెళ్లేటప్పటి నీలం గౌను వేసుకుంది. నా కారులోనే తీసుకెళ్లాను. దారి పొడవునా కిటికీలోంచి రోడ్డు పక్క గడ్డినే చూస్తూ, "ఇది మేపలేదు... ఇదీ మేపలేదు," అంటూ కూర్చుంది.

సామాన్య పౌరులు మాట్లాడటానికి రెండు నిమిషాలిస్తారు. (సంఘాల ప్రతినిధులకి అలాంటి పరిమితి లేదు, వాళ్లు సామాన్యులు కారు కాబట్టి.) అత్త గడ్డి గురించి, మంటల గురించి, కుక్క వయసు గురించి చెప్పింది. క్రౌడర్ గారు శ్రద్ధగా విన్నారు. ఆయన మర్యాదస్తుడు.

"అమ్మా, ఈ చట్టం మీలాంటి వాళ్ల మీద పెట్టింది కాదు," అన్నారు.

"అయితే ఎవరి మీద పెట్టారు బాబూ?"

క్రౌడర్ గారు నిజంగానే ఆలోచించారు. పక్కనున్న సహాయకుడి వైపు చూశారు. అతను కాగితాల్లోకి చూశాడు.

"ఎవరి మీదా కాదమ్మా. అదొక సూత్రం."

"మరి సూత్రానికి ఇంత రాష్ట్రంలో నా మందే కనపడిందా?"

గంట మోగింది. రెండు నిమిషాలయ్యాయి. క్రౌడర్ గారు లేచి ఆవిడ సేవకి ధన్యవాదాలు చెప్పారు. ఏ సేవకో చెప్పలేదు.

బయట వరండాలో లోరెట్టా క్వింబీ గారు అత్త కోసం కాగితం గ్లాసులో కాఫీ పట్టుకుని నిలబడ్డారు. "మీరు మాట్లాడింది విన్నాను. నాకు కళ్లనీళ్లు తిరిగాయండీ," అన్నారు. నిజమే, తిరిగాయి. "మీకు సంఘం ఏదైనా ఉందా?"

"చర్చి ఉంది."

"చర్చిలకి మినహాయింపు ఎప్పుడో ఇచ్చేశారు. గొర్రెల వాళ్ల సంఘం?"

"ఉండేది. ముగ్గురం. ఇద్దరు పోయారు."

"ఒక్కరి కోసం కొత్త మినహాయింపు రాయించడం కష్టమండీ. ఖర్చు సంగతి అటుంచండి, చూడ్డానికే బాగోదు, ఒక్కరి కోసం చట్టం మార్చారంటారు."

"ఒక్కదాని కోసం చట్టం నడిపితే బాగుంటుందా?"

లోరెట్టా గారు నవ్వారు, మెచ్చుకోలుగా. "మీరు ఈ పనిలోకి రావలసిన మనిషండీ. చూడండి, నేను గోడలు కట్టేదాన్ని కాదు. ఏ గుమ్మం తెరిచి ఉందో చెప్పేదాన్ని, అంతే. ముప్పై ఒకటో గుమ్మం తెరిచే ఉంది." అని ఒక కార్డు అత్త చేతిలో పెట్టారు. ట్రిపుల్ క్రీక్ హరిత నిర్వహణ సంస్థ. యాభై మందికి మించి పనివాళ్లున్న కంపెనీ, లోరెట్టా గారి పాత క్లయింటు.

అత్త ఆ కార్డుని కాఫీ గ్లాసులో ముంచి, గ్లాసుని చెత్తబుట్టలో పడేసింది.

కౌంటీ కాంట్రాక్టు ట్రిపుల్ క్రీక్ వాళ్లకి వెళ్లింది. వాళ్లు మూడు లారీల గొర్రెలతో పాటు పెరూ నుంచి వచ్చిన నెమెసియో అనే కాపరిని దింపారు. అతను తన కుక్కతో అక్కడి కొండభాష కెచువాలో మాట్లాడతాడు. స్లోకమ్ పక్కనే నిలబడి, విని, 'అభ్యంతరం లేదు' అని రాసుకున్నాడు. కంచెకి ఇవతల, తన సొంత గడ్డి అయిపోయిన మందతో అత్త నిలబడి చూస్తోంది.

"ఎవరెట్, వాడిది ఏం భాషరా?"

"తెలీదత్తా."

"ఇంగ్లీషేనా?"

"చట్టం ప్రకారం ఇంగ్లీషు కిందికే వస్తుంది."

నెమెసియోకి ఆ కొండలు తెలియవు. వాగు దాటే చోటేదో, విషపు మొక్కలుండే వాలేదో తెలియదు. అప్పటికే రెండు గొర్రెలు చచ్చిపోయాయి. ఒక సాయంత్రం అతను టోపీ చేతిలో పట్టుకుని అత్త గుమ్మం ముందు నిలబడ్డాడు. "అమ్మా, మీ కొండ నా మాట వినట్లేదు. ఎటు తోలాలో మీరే చెప్పాలి," అన్నాడు స్పానిష్‌లో. అత్త అతనికి సూపు పెట్టి, బల్ల మీద ఉప్పుతో కొండల ఆకారం పోసి చూపించింది. ఆ రాత్రి నాకు ఫోను చేసింది.

"దాణా కొని ఇంకెన్నాళ్లు మేపను? మంద అమ్మేస్తానురా. కంపెనీ వాళ్లే కొని, నెమెసియోతో పాటు నన్నూ పనిలోకి తీసుకుంటామంటున్నారు."

"ఎంతిస్తారట?"

"అడక్కు," అంది.

అమ్మిన రోజున నేను వెళ్లాను. మా వైపు గొర్రెల వీపు మీద యజమాని గుర్తు రంగుతో వేస్తారు. అత్త మంద మీద ఎర్రగా ఉర్రుతీల గుర్తు ఉండేది. కంపెనీ మనుషులు పచ్చరంగు డబ్బా, గుర్తు వేసే అచ్చు తెచ్చారు. వాళ్లు గొర్రెని పట్టుకునే తీరు చూసి అత్త ఊరుకోలేకపోయింది. "ఇలా తే, కాళ్లు విరుస్తావు," అని అచ్చు తనే లాక్కుని, ఒక్కొక్కదాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తన ఎర్ర గుర్తు మీద వాళ్ల పచ్చ గుర్తు తనే వేసింది. చేతులు మోచేతుల దాకా పచ్చగా అయ్యాయి. నేను సాయం చేస్తానంటే, "నువ్వు రాసుకోవడానికే పనికొస్తావు, పక్కకి జరుగు," అంది. కళ్లు తుడుచుకోవాలంటే చేతులకి రంగు. అందుకని తుడుచుకోలేదు.

ఇప్పుడు ఆవిడ ట్రిపుల్ క్రీక్ ఉద్యోగి. అదే కొండ, అదే మంద, అదే కుక్క. పొద్దున్నే పచ్చ టోపీ పెట్టుకుని, లగున్‌ని చూసి గెల్ది అంటుంది, అది ఆగుతుంది. స్లోకమ్ వారానికోసారి వచ్చి, విని, అభ్యంతరం లేదని రాసుకుని, ఇచ్చిన సూపు తాగి వెళతాడు. కాంట్రాక్టుకి కౌంటీ ఇప్పుడు పాతదానికి రెట్టింపు చెల్లిస్తోంది. అత్తకి పాతదానిలో మూడో వంతు అందుతుంది. మిగిలింది ఎటు వెళుతుందని నేను కౌంటీ ఆఫీసులో అడిగితే, అది కంపెనీ అంతరంగిక విషయమన్నారు, స్వచ్ఛమైన ఇంగ్లీషులో.

భాషా పరిరక్షణ కార్యాలయం తన మొదటి వార్షిక నివేదికను క్రౌడర్ గారి చేతుల మీదుగా విడుదల చేసింది. దొరికిన ఒక్క ఉల్లంఘననీ సరిదిద్దేశారు కాబట్టి, అందులో ఇక ఏదీ మిగల్లేదు. రాష్ట్రంలో ప్రజల సొమ్ముతో పనిచేసే ప్రతి ఒక్కరూ ఇంగ్లీషే మాట్లాడుతున్నారనీ, మాట్లాడనివాళ్లంతా మాట్లాడనక్కర్లేని వాళ్ల కింద పనిచేస్తున్నారనీ ఆ నివేదిక సగర్వంగా తెలియజేసింది.