మోరీన్ కోసం వచ్చిన బస్సు

ఆ శనివారం పొద్దున మరిసెల్ పెట్టుకున్న పని ఒక్కటే: మెల్‌బోర్న్ చూడటం. ఫిలిప్పీన్స్ నుంచి చదువుకోవడానికి వచ్చి నెల కావస్తున్నా, ఆమెకి తెలిసిన నగరమంతా ఫుట్‌స్క్రే అనే పేటలో తన గది, కాలేజీ, ఆ రెంటి మధ్యా రైలు కిటికీ మీద కారే వాననీళ్లు. కొత్త విద్యార్థులకి ఊరు చూపించడానికి కాలేజీ ఆఫీసులో మోరీన్ అనే ఆవిడ బస్సు ఏర్పాటు చేసింది. స్టేషన్ బయట తెల్లబస్సు ఎక్కాలి. ఫొటోల్లో బాగా పడాలని మరిసెల్ తనకున్న ఒకే ఒక్క మంచి గౌను వేసుకుంది. అది నల్లది.

ఈ నెల్లో ఆమె సొంతంగా నేర్చుకున్న విద్య ఒకటుంది. ఇక్కడివాళ్లు మాటల్ని సగం మింగేస్తారు. అర్థం కాలేదంటే మళ్లీ అంతే మింగి, ఇంకాస్త గట్టిగా చెబుతారు. అందుకని అర్థం కానిదానికల్లా నవ్వి "అవును" అనేది. దానివల్ల ఒకసారి సెలూన్లో జుట్టు చెవులదాకా కత్తిరించేశారు. అయినా మొత్తం మీద రోజులు గడిచిపోతున్నాయి.

స్టేషన్ బయట తెల్లబస్సు ఆగి ఉంది. "మోరీన్ కోసమేనా?" అన్నాడు డ్రైవరు.

"అవును, మోరీన్ కోసమే."

"ఎక్కమ్మా. ఈ వానలో ఎవరూ రారేమో అనుకున్నా."

లోపల ఉన్నవాళ్లంతా డెబ్భై దాటినవాళ్లే. ఈ దేశంలో చదువుకి వయసు అడ్డు కాదని విన్నది కనక మరిసెల్ మనసులోనే మెచ్చుకుంది. అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. మెల్‌బోర్న్‌లో పెళ్లిళ్లకి కూడా నలుపే వేసుకుంటారు కనక అదీ వింతగా తోచలేదు. పక్కసీటులో డాట్ అనే ముసలావిడ ఆమె మొహంలో మొహం పెట్టి చూసింది.

"మోరీన్‌ని ఆఖర్న చూసుకున్న ఫిలిప్పీన్స్ పిల్లవి నువ్వేనా?"

ఇంజను రొదలో ఆమెకి వినబడినవి రెండే ముక్కలు, "ఫిలిప్పీన్స్", "నువ్వేనా" అని.

"అవును."

"అయ్యో తల్లీ! ఆవిడతో ఎలా వేగావే?"

మరిసెల్ మళ్లీ నవ్వి "అవును" అంది. "నవ్వుతోంది చూశావా! నీ ఓపికకి దండం" అని డాట్ వెనకసీటుకి తిరిగింది. బస్సు పెద్దరోడ్డెక్కేసరికి ఆ సంగతి ఆఖరి వరస దాకా పాకింది.

నగరంలోని ఎత్తు మేడలు కుడివైపు దూరంగా కనబడి, అలాగే వెనక్కి జారిపోయాయి. బస్సు ఉత్తరంగా పోయి పోయి శ్మశానం గేట్లో దూరింది. పాత సమాధులు కూడా చూపిస్తారు కాబోలు అనుకుంది మరిసెల్. ఫోను తీసి ఒక ఫొటో కూడా తీసింది. ఆ ఫొటోలోనే కనబడింది శవపేటిక. దాని మీద పువ్వులతో "మోరీన్" అని రాసి ఉంది.

పారిపోదామంటే డాట్ ఆమె మోచేతిని చేతికర్రలా పట్టుకుని దిగింది. గుంట చుట్టూ గట్టిగా పదిహేను మంది లేరు. వాన సన్నగా పడుతోంది. ఏడుస్తున్నవాళ్లు ఒక్కరూ లేరు. కొందరు మాత్రం భోజనం ఏ హాల్లోనని మెల్లగా అడుగుతున్నారు.

"ట్రెవర్! మీ అమ్మని చూసుకున్న పిల్ల ఇదే!" అని డాట్ అరిచింది.

గుంట అవతల నుంచి ఒక భారీ మనిషి బురదలో జారుకుంటూ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. తల్లితో అతనికి ఏళ్ల తరబడి మాటల్లేవని డాట్ చెవిలో ఊదింది. "ఆఖర్న నా గురించి ఏమైనా అందా?" అన్నాడు.

భయంలో నాలుక అలవాటు మానుకోలేదు. "అవును" అంది మరిసెల్.

"ఏమంది?"

ఈ ప్రశ్నకి అవును అంటే సరిపోదు. అమ్మలు ఏమంటారు? రోజూ ఫోను చేసి మరిసెల్ వాళ్లమ్మ మొదట అడిగేది ఒక్కటే. అదే నోట్లోంచి వచ్చేసింది. "తిన్నాడా అని అడిగారండీ."

అంత మనిషీ మట్టికుప్ప పక్కన చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. దాంతో మిగతావాళ్లలో కదలిక వచ్చింది. నా గురించేమంది, నా గురించేమందని చుట్టూ మూగారు. కంచె గొడవలో కోర్టుకెక్కిన పక్కింటాయన్ని మోరీన్ క్షమించిందని మరిసెల్ చెప్పింది. డాట్ మంచి స్నేహితురాలని ఆవిడ అనేదని కూడా చెప్పింది.

"పచ్చి అబద్ధం" అంది డాట్. "ఇంకొంచెం గట్టిగా చెప్పు, వెనకవాళ్లకి వినబడాలి."

హాల్లో టీ పోస్తుండగా గొడుగు దులుపుకుంటూ ఒక నడివయసు ఫిలిప్పీన్స్ ఆవిడ లోపలికి వచ్చింది. రైలు తప్పిపోయిందట. మోరీన్‌ని చూసుకున్నది ఆవిడే, పేరు లూజ్. మరిసెల్ ఆవిణ్ని ఓ మూలకి లాక్కెళ్లి తమ భాషలో అంతా చెప్పేసింది.

"ఓసి పిచ్చిదానా!" అంది లూజ్. "ఆవిడ ఆఖరి నెల్లో నోరే విప్పలేదు. అంతకుముందు కొడుకు గురించి అన్నది చెప్పనా? వాణ్ని నా శవం దగ్గరికి కూడా రానివ్వకండి అంది."

"ఇప్పుడేం చెయ్యనక్కా?"

చేసేందుకేమీ మిగల్లేదు. ట్రెవర్ వెనకే నిలబడి ఉన్నాడు. భాష తెలియకపోయినా ఇద్దరి మొహాలూ చూశాడు. మరిసెల్ కళ్లనీళ్లతో ఒప్పేసుకుంది. తను ఊరు చూద్దామని బయల్దేరానని, కాలేజీ మోరీన్ పెట్టిన బస్సనుకుని ఇది ఎక్కానని, మీ అమ్మగారిని ఎన్నడూ చూడలేదని చెప్పింది.

"తెలుసు" అన్నాడు ట్రెవర్.

"తెలుసా?"

"మా అమ్మ నా జన్మలో నన్ను ఆ మాట అడగలేదు. నువ్వు అనగానే అర్థమైంది, అది ఇంకెవరి అమ్మో అని."

"మరి అంతలా ఏడ్చారు?"

"ఎవరి అమ్మయితేనేం, అడిగింది కదా" అన్నాడతను. శాండ్విచ్చుల పళ్లెం ఆమె వైపు తోశాడు. "తిను. నేనూ పొద్దుట్నుంచి ఏమీ తినలేదు." ముగ్గురూ నిలబడే తిన్నారు. తల్లి నోట లూజ్ ఏం విన్నదో అతను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో డాట్ మళ్లీ పక్కనే కూర్చుంది. స్టేషన్ దగ్గర దిగబోతున్న మరిసెల్ గౌను కొస పట్టుకుని ఆపింది.

"వచ్చే గురువారం ఖాళీయేనా అమ్మాయ్? మా మరదలి అంత్యక్రియలు ఉన్నాయి. దాని గురించి ఒక్క మంచిమాట చెప్పే దిక్కు లేదు."

మెల్‌బోర్న్ వచ్చాక మరిసెల్‌ని ఒకరు పేరంటానికి పిలిచినట్టు పిలవడం అదే మొదటిసారి.