నలుగురం, ఒక లాప్‌టాప్

మనిషికో కంప్యూటర్ ఇచ్చి చదువు చెప్పే సంస్థలన్నిటినీ వెంటనే మూసేయాలి!

తెలిసే అంటున్నాను. తెర ముందు ఒంటరిగా కూర్చుని కోడింగ్ నేర్చుకున్నవాడికి తోటి మనిషి విలువేం తెలుస్తుంది? నలుగురికీ కలిపి ఒక లాప్‌టాప్ ఇచ్చి చూడండి. ఓర్పు వస్తుంది, సర్దుకుపోవడం వస్తుంది, మోచేతికి బలం వస్తుంది. హెచ్‌టీఎంఎల్ కూడా, వస్తే వస్తుంది.

ఇది నా స్వానుభవం. మొన్న వేసవిలో శంషాబాద్‌లోని ఓ ఫంక్షన్ హాల్లో ఓ సంస్థవారు వెబ్ పేజీలు తయారు చేయడం ఉచితంగా నేర్పుతామంటే నేనూ చేరాను. పేపర్లో కాలమ్ రాసుకునేవాడికి ఇదెందుకంటారా? మా ఎడిటర్ గారు "ఇక మీదట అంతా వెబ్బే" అంటూ నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు అర్థమై చేరాను.

కోర్సు పేరులోనే 'హ్యాండ్స్ ఆన్' అని ఉంది. చేత్తో చేస్తూ నేర్చుకోవడమని మా ట్రైనర్ అరవింద్ వివరించాడు. మా బల్ల దగ్గర ఎనిమిది చేతులు, ఒక కీబోర్డు. ఇంతకన్నా హ్యాండ్స్ ఆన్ ఇంకెక్కడైనా ఉంటుందా?

నా పక్కన తొండుపల్లి నుంచి వచ్చే భాగ్యలక్ష్మి. ఇంట్లో వండి, ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తేవాళ్లకు మధ్యాహ్నం డబ్బాలు పంపుతుంది. ఆమె పక్కన సుఘ్రా. ఉద్యోగుల యూనిఫాంలు వదులైనా బిగుతైనా ఆమె కుట్టుమిషను దగ్గరికే వస్తాయి. ఆ చివర ప్లాట్లు అమ్మే హరిప్రసాద్.

మాలో నిజంగా పనిబడి వచ్చింది భాగ్యలక్ష్మి ఒక్కతే. ఎయిర్‌పోర్టులో కార్గో వైపు క్యాంటీన్ నడిపే శేఖర్ అనే కాంట్రాక్టరు ఆమె వంట తిని మెచ్చుకున్నాడట. "కానీ నెట్‌ల నీ పేరు కొడితే ఏం రాదేందమ్మా? ఒక పేజీ గిట్ల ఉంటే పైవాళ్లకు చూపించి ఆర్డర్ ఇప్పిస్త" అన్నాడట. అందుకే ఆమె డబ్బాలు పంపడమే ఆలస్యం, చేతుల పసుపు పూర్తిగా వదలకముందే క్లాసుకు పరుగెత్తుకొచ్చేది.

ఇక పాఠాల సంగతి. అరవింద్‌ది కోనసీమ. పద్ధతిగా చెబుతాడు. "చూడండి, పెద్ద అక్షరాల కోసం ముందు ఈ ట్యాగ్ అనే గుర్తు తెరుస్తామండి. పనయ్యాక దాన్ని తప్పనిసరిగా..." అనేసరికి నెత్తి మీద నుంచి విమానం!

ఆ 'తప్పనిసరిగా' తర్వాత ఏముందో మేం చాలా రోజులు వినలేదు. మూసేయాలట! మూయకపోతే కింద రాసిందంతా పెద్ద అక్షరాల్లోనే వస్తుందట. అలా మా పేజీ చిరునామాతో సహా అరుస్తూ ఉండేది. దీన్ని తప్పంటారా? విమానాల కింద బతికేవాళ్లం, గొంతు పెంచకుండా మేమెప్పుడు మాట్లాడాం? మా పేజీకీ మా ఊరి యాస వచ్చిందని నేను గర్వపడ్డాను.

నలుగురికీ ఒకే పేజీ కనుక అది భాగ్యలక్ష్మి మెస్‌దే కావాలని తీర్మానించాం. హరిప్రసాద్ ఒప్పుకుంటూనే, అడుగున 'ఎయిర్‌పోర్టుకు ఐదే నిమిషాలు' అని అటూ ఇటూ పరుగెత్తే ఒక వరుస పెట్టాడు.

"అన్నా, ఇది అన్నం పేజీ. ఇందుల నీ ప్లాట్లేంది?" అంది భాగ్యలక్ష్మి.

"అన్నం తిన్నోడు ఇల్లు కొనడా అక్కా?"

"ఇద్దరు జర జరుగుండ్రి, నేను రంగు పెడ్త" అని సుఘ్రా మధ్యలోకి చెయ్యి పెట్టి, పేజీ మొత్తానికీ యూనిఫాం నీలం పులిమింది.

ఇన్ని చేతులు దాటుకుని ఒకరోజు తెర మీద జొన్నరొట్టె ఫోటో వచ్చింది. భాగ్యలక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నా రొట్టెనే! మాడిన మచ్చ గూడ కనబడుతుంది సూడు సుఘ్రా!" వ్యంగ్యం రాసుకు బతికేవాణ్ణి, ఆ క్షణంలో నాకు ఒక్క చమత్కారమూ తోచలేదు.

చివరి రోజు ముఖ్య అతిథి వచ్చారు. మా వెనక నిలబడి, వంగి, మా కీబోర్డు మీద వేలు పెట్టి, కెమెరా వైపు చూసి నవ్వారు. సర్టిఫికెట్లు పంచారు. ఆయన కారు కదలగానే లాప్‌టాప్‌లు సంచుల్లోకి వెళ్లడం మొదలైంది.

"సార్, మా పేజీ?" అడిగింది భాగ్యలక్ష్మి.

"సేవ్ అయిందండి" అన్నాడు అరవింద్.

"యాడ?"

"లాప్‌టాప్‌లోనండి."

"అది యాడికి పోతుంది?"

"బుద్వేల్ బ్యాచ్‌కండి. రేపట్నుంచి వాళ్లకు క్లాసులు."

"మరి నెట్‌ల ఎప్పుడొస్తది?"

అరవింద్ సంచి జిప్పు లాగుతూ తల దించుకున్నాడు. "నెట్‌లో పెట్టడం అడ్వాన్స్‌డ్ కోర్సండి. అదింకా మంజూరు కాలేదండి."

ఇందులోనూ మేలే చూడాలి! ఇంటర్నెట్‌లో ఇప్పటికే కావలసినంత చెత్త ఉంది. ఒక్క జొన్నరొట్టె తగ్గితే లోకానికి భారం తగ్గదా?

కొన్నాళ్లకు సంస్థవారు తమ వెబ్‌సైట్‌లో మా బ్యాచ్ ఫోటో పెట్టి, లింకు వాట్సాప్‌లో పంపారు. భాగ్యలక్ష్మి నాకు ఫోన్ చేసింది. "అన్నా, మనం నెట్‌లకొచ్చినం! శేఖర్ సార్‌కు చూపిస్త. నువ్వు గూడ రా, ఇంగ్లీషు ఉంటే సదువుదువు."

వెళ్లాం. శేఖర్ క్యాంటీన్ గేటు బయటికి వచ్చాడు. ఆమె లింకు నొక్కింది. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ చదరం, అందులో ఇంగ్లీషులో ఒక వరుస వచ్చాయి. ఫోటో తెరుచుకోకపోతే దాని బదులు కనిపించేందుకు కోడ్‌లో ఒక మాట రాసిపెడతారు. అరవింద్ అది చెప్పిన రోజు అదృష్టవశాత్తూ విమానం రాలేదు.

"ఏం రాసిండ్రు అన్నా?"

"ముఖ్య అతిథి, ఇతరులు" అని చదివాను.

"ఇతరులంటే?"

"మనమే."

ఆమె ఫోన్‌ను శేఖర్ వైపు తిప్పి పట్టుకుంది. "సార్, గీ ఇతరులల్ల నేనున్న. మొన్న మీరు తిన్న పచ్చిపులుసు నేను చేసిందే."

శేఖర్ ఇబ్బందిగా నవ్వాడు. "పులుసు సంగతి నాకు తెల్సమ్మా. పైవాళ్లకు గిది చూపిస్తే నన్ను చూసి నవ్వుతరు."

ఆర్డర్ ఎవరికో పోయింది. ఆమె ఫోన్ కొంగున చుట్టుకుని, "ఇగ నడువన్నా, డబ్బాలు తోమాలె" అంది.

ఇంత జరిగినా ఆ కోర్సు దండగంటే నేనొప్పుకోను. మంచి సిగ్నల్ ఉన్నచోట ఫోటో చక్కగా తెరుచుకుంటుంది. చూసినవాళ్లకు మేం బాగుపడిపోయినట్టే ఉంటాం. తెరుచుకోని చోట మాత్రమే, మమ్మల్ని ఏమని రాసుకున్నారో కనిపిస్తుంది.