మా పిన్ని స్టూలు మీద విధ్వంసం కేసు

విధ్వంసం అనే మాటను జనం ఇన్నాళ్లూ నోటికొచ్చినట్టు వాడేశారు. బస్టాపులో బెంచీ విరిగితే విధ్వంసం, కుళాయి ఊడితే విధ్వంసం. ఇకపై ఈ మాట వాడకానికి ఒక పద్ధతి నేర్పాలని విధ్వంస నివారణ శాఖ కంకణం కట్టుకుంది. (శాఖ ఆఫీసు తలుపు గడియను ఎవరో ఊడబీకారు. దర్యాప్తు సాగుతోంది.)

ఉన్న వస్తువునే ఎవరైనా పాడుచేయగలరని శాఖ సంచాలకులు లోతుగా ఆలోచించి కనిపెట్టారు. దాంతో సిబ్బంది మా వీధి బస్టాపులోని బెంచీని గునపాలతో పెకలించి, గోదాములో పెట్టి తాళం వేశారు. పెకలించేటప్పుడు అది రెండు ముక్కలైంది. అయినా దాన్ని విధ్వంసం అనకూడదు, సంరక్షణ అనాలి. మా వీధిలో విధ్వంసం పూర్తిగా ఆగిపోయిందని శాఖ జబ్బలు చరుచుకుంది.

మా పిన్నికి ఈమధ్యే మోకాలి ఆపరేషన్ అయింది. వ్యాయామం కోసం ఆస్పత్రికి వెళ్లాలంటే ఆ బస్సే దిక్కు. దానికేమో వేళాపాళా లేదు. నిలబడలేక ఆవిడ వంటింట్లోని చెక్క స్టూలు తెచ్చి బస్టాపులో వేసుకుంది. బస్సులోకి మోయలేక అక్కడే వదిలేసేది. ఆవిడ లేనప్పుడు మిగతావాళ్లు వంతులేసుకుని కూర్చునేవారు. మా పిన్ని అని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉండేది.

ఒకరోజు మబ్బు పట్టిందని ఆవిడ స్టూలును ఇంటికి తెచ్చేసుకుంది. మర్నాడే నోటీసు వచ్చింది, ప్రజా ఆస్తిని విధ్వంసం చేసినందుకు.

విచారణకు నేనూ తోడు వెళ్లాను. హాల్లో కుర్చీలు లేవు (ముందుజాగ్రత్త). పిన్ని గోడ పట్టుకుని నిలబడింది. అధికారికి మాత్రం కుర్చీ ఉంది, దానికి ఆయనే కాపలా.

“స్టూలు నాదే బాబూ,” అంది పిన్ని.

“మీదేనమ్మా, ఎవరు కాదన్నారు? నలుగురూ కూర్చున్నాక ప్రజలదైపోయింది. దాన్ని మీరు తీసేశారు.”

“మరి బెంచీని మీరు తీసేశారుగా?”

“మేం అనుమతి తీసుకున్నాం.” ఎవరి దగ్గర అని అడిగితే, తమ దగ్గరే అన్నాడు.

స్టూలును గోదాముకు తరలించాలని తీర్పు వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. నిలబడీ నిలబడీ ఆపరేషన్ చేసిన మోకాలు మళ్లీ వాచిందని, ఈ నష్టాన్ని ఏమంటారని గట్టిగానే అడిగాను. అధికారి వంగి ఆవిడ మోకాలిని చూశాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

“ఇది ఆవిడ సొంతం కదండీ, మా పరిధిలోకి రాదు. ప్రజలదే అయ్యుంటే, పాడవకముందే తీసి భద్రపరిచేవాళ్లం.”