గుండెలో తాలు

ఆ ఉదయం ఇమాం హుస్సేన్ వేసుకున్న ప్లాను చిన్నదే. ఎనిమిదింటికి గుంటూరు ఆసుపత్రిలో పరీక్ష, పదింటికి మిర్చి యార్డు. షుగరు వచ్చి పదేళ్ళయింది కాబట్టి గుండెను నడిపే నరాలు ఎలా ఉన్నాయో చూస్తానని డాక్టరు జ్యోతిర్మయి రమ్మంది. పక్కచేని రైతు ఏసోబు తోడొచ్చాడు.

పడుకోబెట్టి, వైర్లు తగిలించి, నెమ్మదిగా ఊపిరి తీసి వదలమంది. కంప్యూటరు మీద గీతలు చూసి ఆవిడ ముఖం వెలిగింది.

"గుండె కొట్టుకోవడంలో బాగా తేడా ఉందండీ!" అంది. ఇంతలో ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

ఇద్దరూ పుట్టి పెరిగింది మిరపకాయల మధ్య. బస్తాలో సరుకంతా ఒకే తీరుగా ఉండాలి. తెల్లబారిన తాలుకాయలు నాలుగు కలిస్తే చాలు, కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. తేడా అన్న మాట వాళ్ళెన్నడూ మంచికి విని ఎరగరు.

"బావా, నీ గుండెలో తాలు కలిసింది," అన్నాడు ఏసోబు.

"మరి ఆవిడ నవ్విందేంటి?"

"పోయేవాడి ముందు ఏడుస్తారా ఎవరన్నా?"

ఏసోబు ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి ఊళ్ళో ఖుర్షిదాకు ఫోన్ చేశాడు. మొగుడి గుండెలో తేడా అని ఆమె పక్కింటి పుల్లమ్మతో చెప్పేసరికి అది గుండెపోటైంది. పుల్లమ్మ వీధికి చెప్పేసరికి ఇక కడసారి చూపే మిగిలింది. గంట తిరక్కుండా రెండు ఆటోల జనం వచ్చి గదినిండా చేరారు. ఇమాం హుస్సేన్‌కి నిజంగానే భయమేసింది. ఖుర్షిదా చేయి పట్టుకుని, యార్డులో బస్తాలు ఎంతకు అమ్మాలో అప్పజెప్పాడు.

తిరిగొచ్చిన జ్యోతిర్మయి సంగతి విని తల పట్టుకుంది.

"మంచి గుండె గడియారంలా కొట్టుకోదండీ. ఊపిరి పీలిస్తే కాస్త వేగం, వదిలితే కాస్త నిదానం. నరాలు బాగుంటేనే ఆ తేడా ఉంటుంది. మీకేం భయం లేదు."

ఖుర్షిదా ఆవిడ చేతులు కళ్ళకద్దుకుంది. ఏసోబు మాత్రం ఒప్పుకోలేదు.

"తేడా మంచిదేంటమ్మా? ఒకే తీరు గుండె ఎట్టా ఉంటదో నాది చూడండి!" అంటూ చొక్కా విప్పి తనే బల్లెక్కాడు.

ఊపిరి ఎంత లాగినా అతని గుండె ఒకే లెక్కన కొట్టుకుంది. జనం చప్పట్లు కొట్టారు. జ్యోతిర్మయి కొట్టలేదు.

"మీకు షుగరు ఎన్నాళ్ళ నుంచండీ?"

"నాకు షుగరేంటి?"

ఇదొక్కటే చూసి ఏమీ చెప్పలేనని రక్తం తీయించింది. షుగరు మూడొందల యాభై! ఇప్పుడైనా తెలిసింది కాబట్టి మందులతో ఇంకా ముదరకుండా చూసుకోవచ్చంది.

ఏసోబు ఇమాం హుస్సేన్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నీకు షుగరుండబట్టి నేను బతికాను బావా. నీ రుణం తీర్చుకోలేను!"

"దానికేముందిలే," అన్నాడు ఇమాం హుస్సేన్, పదేళ్ళూ కష్టపడి దాన్ని పెంచినవాడిలా.