ఏడు సమాధుల రోడ్డు

సాలూరు పైకొండల్లో నివసిస్తున్న ఏడుగురు విదేశీ వర్తకులకు ఎట్టకేలకు తారురోడ్డు సౌకర్యం కలిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. లబ్ధిదారులు పోయి రెండు వందల ఏళ్లు కావస్తోంది. టేకు, కరక్కాయ కొనడానికొచ్చి మలేరియాతో కన్నుమూసిన ప్రొటెస్టెంటు దొరలు వీరు. రాళ్ల మీద పేర్లు, తేదీలు చక్కగా ఉండటంతో అర్హుల గుర్తింపులో ఏ ఇబ్బందీ రాలేదు.

రోడ్డు శ్మశానం గేటు దగ్గర ఆగింది. అక్కణ్నుంచి రెండు కిలోమీటర్లు కొండెక్కితే గెడ్డవలస. నలభై గడపలు. దురదృష్టవశాత్తు అందరూ బతికే ఉన్నారు.

ప్రారంభోత్సవంలో ప్రత్యేకాధికారి లక్ష్మీప్రసాద్ గారు, “మన మట్టిలో కలిసిన అతిథులను మరిచిపోతే చరిత్ర మనల్ని క్షమించదు” అన్నారు. చప్పట్లు మోగాయి. సమాధుల మీది తుప్పలు కొట్టడానికి కూలికొచ్చిన గెడ్డవలస దేముడమ్మ కత్తి పక్కన పెట్టి ఆయన దగ్గరికొచ్చింది.

“బాబూ, మా కోడలికి నెలలు నిండినాయి. రోడ్డు ఊరిదాకా ఎయ్యండి.”

అధికారి ఓపిగ్గా వివరించారు. ఇవి వారసత్వ కట్టడాల నిధులు. మీ ఊళ్లో వందేళ్లు దాటిన కట్టడం ఏదైనా ఉందా? తమ ఇళ్లు వానలకి పడిపోతుంటాయని, మళ్లీ కట్టుకుంటామని దేముడమ్మ నిజం చెప్పేసింది. ఆ నిజాయితీ వల్ల దరఖాస్తు అక్కడికక్కడే పరిష్కారమైంది.

ప్రారంభోత్సవమైన తొమ్మిదో రోజు పొద్దున్నే కోడలు రమణికి నొప్పులొచ్చాయి. కొడుకు ఫల్గుణ, మరో ముగ్గురు డోలీ కట్టి, వానలో జారుతూ మోసుకొచ్చారు. అంబులెన్సు గేటు దగ్గరికి వస్తానంది. మాట తప్పలేదు. కాకపోతే బిడ్డ ముందొచ్చింది. ఇద్దరు వర్తకుల మధ్య, అత్తగారి చీర చాటున, ఆడపిల్ల పుట్టింది. రమణి కళ్లు తెరవలేదు. దేముడమ్మ ఆమె చెంపలు రుద్దుతూ, “నీ గుంటని సూడే. నీ పోలికే” అని అదే మాట అంటూ కూర్చుంది. కోడలు కళ్లు తెరిచాకే తాను ఏడ్చింది.

తల్లీబిడ్డా క్షేమం. ప్రభుత్వమూ వెంటనే స్పందించింది. వారం తిరక్కుండా గేటుకు తాళం పడింది, పక్కన బోర్డు వెలిసింది: ‘సందర్శకులకు మాత్రమే ప్రవేశం. ప్రసవాలు నిషేధం.’

గత ఆదివారం అరకు చూసి వస్తూ మనమూ అక్కడ ఆగాం. దొరగారి రాతికి ఆనుకుని ఫొటోలు దిగాం. అంతలో కొండ మీంచి ఇంకో డోలీ దిగుతుంటే, ఆ పచ్చదనంలో భలే ఉందని దాన్నీ ఫొటో తీసుకున్నాం. ఇంటికొచ్చాక ఫోన్లో అభిప్రాయం కూడా రాశాం: రోడ్డు బ్రహ్మాండం.