డాబా మీంచి వ్యవసాయం

ఆ ఆదివారం పొద్దున ధర్మేందర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. చాయ్ తాగి, డాబా ఎక్కి, కొత్త ఫోను కెమెరాతో ఊరి చివరున్న తమ పొలాన్ని ఒకసారి చూసుకోవాలి. దిగొచ్చి మటన్ తేవాలి. ముందురోజు అన్న మల్లేశయ్య ఫోను చేసి, "రేపు కరిగెట చేస్తున్న తమ్మీ. బోరుల నీళ్లు మస్తుగున్నయ్. జర వచ్చి చూసిపో" అని పిలిచాడు. నాట్లకు ముందు పొలం నిండా నీళ్లు పెట్టి ట్రాక్టరుతో బురద చేసే పని అది. "తప్పకుండ చూస్త అన్నా" అన్నాడు ధర్మేందర్. చూస్తానన్నాడు గాని వస్తానని అనలేదు.

ఇబ్రహీంపట్నంలో ధర్మేందర్‌కు సిమెంటు, ఇనుము దుకాణం ఉంది. ఊరి చుట్టూ వెంచర్లు వెలిసి, చేలన్నీ ప్లాట్లయి, ప్రతి ప్లాటు మూలకూ సున్నం వేసిన హద్దురాయి నిలబడింది. ఆ నడుమ పచ్చగా మిగిలిన ముక్క వీళ్లదే. తండ్రి పోయాక కూడా అన్నదమ్ములు పంచుకోలేదు. అన్న పండిస్తాడు, వడ్లు సగం పంపిస్తాడు, తమ్ముడు తింటాడు. దుకాణానికి వచ్చిన ప్రతివాడితోనూ "మాది ఇంకా కలిసే ఉన్నది" అని చెప్పుకోవడం ధర్మేందర్‌కు సిమెంటు అమ్మడం కన్నా ఇష్టం. భయం కూడా అక్కడే ఉంది. చదువు రాని అన్న ఏదో ఒకరోజు ఎవడో చూపిన చోట వేలిముద్ర వేసేస్తాడేమోనని రోజూ గుబులు. వెళ్లి అన్న పక్కన గట్టు మీద కాసేపు కూర్చుంటే తీరిపోయే గుబులే అది. దానికోసం ఆయన ఫోను కొన్నాడు.

ఆ కొనడమైనా తేలిగ్గా జరగలేదు. చేతిలో ఉన్న ఫోను గురించి ధర్మేందర్‌కు ఏమీ తెలియదు గాని, ఇంకా రాని ఫోన్ల గురించి మాత్రం అన్నీ తెలుసు. వచ్చే మోడల్లో లెన్సు ఫోను లోపల అడ్డంగా పడుకుని దూరం చూస్తుందని విని ఈ మోడల్ మానుకున్నాడు. అది వచ్చేసరికి, దాని తర్వాతి దాంట్లో లెన్సు ముందుకూ వెనక్కూ కదులుతుందని ఎవరో వీడియోలో చెప్పారు. సరే, దానికోసం ఆగాడు. చివరికి ఫోన్ల దుకాణం కిష్టా, "నాదర్‌గుల్ల ఎగిరే విమానంల పైలెట్ గడ్డం గీసుకున్నడో లేదో చెప్పచ్చన్నా" అన్నాక ఇక ఆగలేకపోయాడు.

ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు ఉజ్వల పెట్టె విప్పిన రోజే చెప్పింది. "బాపూ, అద్దం నిజంగ దగ్గరకు తెచ్చేది కొంతవరకే. ఇంకా జరిపితే ఫోనే అందాజగ గీస్తది."

"గింత ఖరీదు ఫోనుకు అందాజ చేసే ఖర్మేంది" అన్నాడు తండ్రి. సగంలో ఆపితే ఫోనును అవమానించినట్టేనని ఆయన నమ్మకం. ఏది చూసినా చివరిదాకా జరిపే చూసేవాడు.

ఆ పొద్దున కూడా చివరిదాకా జరిపాడు. ముందు నల్లగుండు కనబడింది. తమ పొలం పక్కనున్న పెద్ద రాతిగుండు అది. ఫోను కాస్త పక్కకు తిప్పాడు. గుండు ఒక అంచున ఉండగానే పొలం వచ్చింది. పొలం నిండా తెల్లగా ఏవో నిలబడి ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి, వరుసలు వరుసలుగా. చేయి వణక్కుండా పిట్టగోడకు ఆనించి ఫొటో తీశాడు. ఫోను ఒక్క క్షణం ఆలోచించి బొమ్మను తేటగా దిద్ది పెట్టింది. తెల్లటి రాళ్లు, నాలుగు పలకలుగా. ఒక్కోదాని కింద నల్లగా నంబరు లాంటి గీత కూడా ఉంది.

"నిర్మలా, అన్న పొలం అమ్మిండే" అని డాబా మీంచే భార్యకు కేకేశాడు.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పుడేంది, కండ్లతోని చూసిన."

"అయితే బావకు ఫోను చేసి అడుగు."

చేశాడు. మల్లేశయ్య ఎత్తలేదు. ఎత్తేవాడే గాని ఆయన ట్రాక్టరు మీద ఉన్నాడు, ఫోను గట్టు మీది వేపకొమ్మకు వేలాడుతున్న అంగీ జేబులో ఉంది. "చూసినవా, ఎత్తుతలేడు. తప్పు చేసినోడు ఎట్ల ఎత్తుతడు" అన్నాడు ధర్మేందర్.

"బండేసుకొని పోరాదు మరి. ఎంత దూరమని?"

"ఉత్త చేతులతోని పోతే దబాయిస్తడు. సబూతు కావాలె."

ఆ రుజువు కోసం ఆయనకు జగదీశ్వర్ గుర్తొచ్చాడు. జగదీశ్వర్ ప్లాట్ల బ్రోకరు, రోజూ దుకాణంలో కూర్చుని చాయ్ తాగే మనిషి. పొలం తమదని బయటపెట్టకుండా తెలివిగా కూపీ లాగాలనుకుని ఆ ఫొటో పంపి, "ఈ వెంచర్ ఎవరిది, ఎరుకేనా?" అని అడిగాడు. ఆ ఊళ్లో ఒక వెంచరు గురించి తెలియదన్న బ్రోకరు మర్నాటినుంచి బోర్డు తిప్పేసుకోవాలి. అందుకని జగదీశ్వర్ వెంటనే ఫోను చేశాడు.

"ఎరుక లేకపోవుడేందన్నా. మనోళ్లదే గది. తూర్పుమొఖం బిట్లన్నీ అయిపోయినయ్. కార్నరుది ఒక్కటున్నది, నీ కోసం ఆపమంటవా?"

"ఎవరమ్మిండ్రు?"

"రైతే. పెద్దమనిషి. పేరు నోట్లనే ఉన్నది."

"మల్లేశయ్యనా?"

"ఆఁ, మల్లేశయ్యనే."

ధర్మేందర్ నీళ్ల ట్యాంకు నీడలో కూలబడ్డాడు. ఎంతకు అమ్మాడు, తన వాటా ఎంత అన్న ఆలోచన ఆయనకు రాలేదు. నిజంగానే రాలేదు. రేపు దుకాణానికి వచ్చినవాళ్లతో ఏమని చెప్పుకోవాలన్నదే బాధ. ఇన్నేళ్లుగా తాను గొప్పగా చెప్పుకున్నది ఆ ఒక్క మాటే. అన్న ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అక్కడ జగదీశ్వర్ ఊరికే కూర్చోలేదు. తనకు తెలిసిన వెంచరే అని అన్నాక దాన్ని అమ్మకపోతే బాగుండదు. 'నేరుగా రైతు నుంచి, కొద్ది ప్లాట్లు మాత్రమే' అని రాసి ఆ ఫొటోను తనకున్న గ్రూపులన్నిట్లో వేశాడు. అది తుర్కయాంజాల్ అపార్ట్‌మెంట్లు తిరిగి మహేశ్వరం చేరింది. మహేశ్వరంలో సక్కుబాయి ఉంది. మల్లేశయ్యకు చెల్లెలు, ధర్మేందర్‌కు అక్క. చిన్నప్పుడు తాను లంగా చిరిగేలా జారిన నల్లగుండును ఆమె ఏ ఫొటోలోనైనా గుర్తుపడుతుంది. మొగుడి చేత బండి తీయించి నేరుగా తమ్ముడి ఇంటి ముందు దిగింది.

"ఏం తమ్మీ, నన్నడగకుండనే ప్లాట్లు చేసిండ్రా? నా సంతకం ఎవరు పెట్టిండ్రు?"

"నేను కాదక్కా, అన్న చేసిండు. నాకు గూడ ఇప్పుడే ఎరుకైంది."

"అన్నకు సంతకమే రాదు. ప్లాట్లోళ్లంత కూసునేది నీ దుకాణంల. నీకెరుక లేకుండ అయితదా?"

"వదినా, నీళ్లు తాగు జర" అంది నిర్మల చెంబు తెచ్చి.

"నీళ్లు పొలం కాడ తాగుత. నడువుండ్రి" అంది సక్కుబాయి.

నిర్మలను, ఉజ్వలను, అక్కాబావలను ఎక్కించుకుని ధర్మేందర్ కారు తీస్తుండగా మళ్లీ జగదీశ్వర్ ఫోను. "అన్నా, పార్టీని సైటుకు తోల్కపోతున్న. తొవ్వ జర చెప్పు." తన వెంచరుకు దారి తననే అడుగుతున్నాడేమిటని ధర్మేందర్ ఆలోచించే స్థితిలో లేడు. నల్లగుండు పక్కపొంటి మట్టిబాట పట్టుకుని రమ్మని వివరంగా చెప్పాడు.

పొలంలో మల్లేశయ్య మోకాళ్లదాకా బురదతో ట్రాక్టరు మీద ఉన్నాడు. బాట మీద తమ్ముడి కారు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంజను ఆపి దిగాడు. వెనక చెల్లెలు కూడా దిగేసరికి, అందరూ కరిగెట చూడటానికే వచ్చారని సంబరపడి, "నీళ్లెట్లున్నయ్ చూసినవా తమ్మీ" అన్నాడు.

ధర్మేందర్ జవాబు చెప్పేలోపు ఇంకో కారు వచ్చి ఆగింది. అందులోంచి జగదీశ్వర్, తుర్కయాంజాల్ దంపతులిద్దరు దిగారు. ఆ భార్య చేతిలో కొబ్బరికాయ ఉంది. ఆమె గట్టు మీద జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చి, బురదలో ఉన్న మల్లేశయ్యను కాపలావాడనుకుని, "కార్నర్ ప్లాటు ఏదండీ, కాయ కొట్టుకుంటాం" అంది.

మల్లేశయ్య కొబ్బరికాయను చూశాడు, జగదీశ్వర్‌ను చూశాడు, తమ్ముణ్ని చూశాడు. "అమ్మినవా తమ్మీ?" అన్నాడు.

"నేనా? నువ్వు అమ్మి నన్నంటవా?"

"నేను దున్నుతున్న గదరా. అమ్మినోడు దున్నుతడా?"

"ఇద్దరు గలిసే అమ్మిండ్రు, ఇప్పుడు నాటకాలు చేస్తుండ్రు" అంది సక్కుబాయి.

"సబూతున్నది" అంటూ ధర్మేందర్ ఫోను తీసి అన్న కళ్ల ముందు పెట్టాడు. "చూడు. రాళ్లు. నంబర్లు గూడ ఉన్నయ్."

మల్లేశయ్య చేతులు పంచెకు తుడుచుకుని ఫోను అందుకున్నాడు. కాసేపు బొమ్మను చూశాడు, కాసేపు పొలాన్ని చూశాడు. ట్రాక్టరు వెనక, బురదలో లేచిన పురుగుల కోసం, పొలం నిండా కొంగలు సాళ్ల వెంట నిలబడి ఉన్నాయి. బాటకు అడ్డంగా ఉన్న ధర్మేందర్ కారును తీయమని జగదీశ్వర్ డ్రైవరు హారన్ మోగించాడు. వరుసల్లో ఉన్న రాళ్లన్నీ ఒక్కసారిగా రెక్కలు విప్పి లేచి, నల్లగుండు మీద వెళ్లి వాలాయి.

అందరూ ఆ గుండు వైపే చూస్తూ నిలబడ్డారు. జగదీశ్వర్ ఒక్కడే తొణకలేదు. "అది నమూనా అమ్మా. రాళ్లు ముందల పాతుతరు" అని తుర్కయాంజాల్ ఆమెకు నచ్చచెబుతూ కారు వైపు నడిపించాడు.

ఉజ్వల తండ్రి ఫోను అందుకుని చూసింది. "కొంగ కాలును నంబరు చేసింది బాపూ. చెప్పిన గద, అంత దూరానికి అద్దం పని చెయ్యది, ఫోనే గీస్తది. తెల్లగ వరుసల నిలబడ్డదాన్నల్ల అది రాయే అనుకున్నది."

ముందు నిర్మల నవ్వింది. తర్వాత సక్కుబాయి మొగుడు, ఆ తర్వాత సక్కుబాయి. అందరికన్నా గట్టిగా ధర్మేందర్ నవ్వాడు. పొలం ఎక్కడికీ పోలేదు, మాట నిలబడింది, రేపు దుకాణంలో చెప్పడానికి మంచి కథ కూడా దొరికింది. "పోనీ అన్నా. తప్పు ఫోనుది" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

మల్లేశయ్య నవ్వలేదు. "ఫోను కొంగను రాయన్నది. నన్ను దొంగన్నది ఎవరు?"

ధర్మేందర్ నవ్వు ఆగిపోయింది.

"కరిగెటకు రమ్మన్న, రాలే. నాట్లకు రమ్మన్న, రాలే. కోతలకు పిలిచిన. ఇన్ని పిలుపులకు రానోడివి ఇయ్యాల వచ్చినవ్, నన్ను పట్టుకునేటందుకు." ఆయన గొంతు పెంచలేదు. "పంచుకుందాం తమ్మీ. అనుమానం పడే మనిషి పొలం దున్నుడు నాతోని గాదు."

"వద్దన్నా. నీ కాళ్లు మొక్కుత. రేపటిసంది రోజూ వస్త."

"వస్తవో రావో నాకెందుకు ఇగ. నీ ముక్క కాడికి నువ్వు వచ్చిపో."

ధర్మేందర్ అన్నను బతిమాలాడు, మేనమామల చేత చెప్పించాడు, నిర్మల చేత అన్నం వండించి పంపాడు. అన్నం గిన్నె ఖాళీ అయి తిరిగొచ్చింది గాని అన్న మాట తిరగలేదు. ఈలోగా సక్కుబాయి, ఎట్లాగూ పంచుతున్నారు కాబట్టి తనదీ కొలవమంది. కొలిచారు. బాట పక్కన ఆమె ముక్క ఇంకా కొలుస్తుండగానే జగదీశ్వర్ వచ్చి కొలత గొలుసు ఒక కొస పట్టుకున్నాడు. సున్నం వేసిన రాళ్లు నిజంగానే ట్రాలీలో వచ్చి పొలంలో దిగాయి. అవి ధర్మేందర్ దుకాణంలోని సిమెంటుతోనే పోసినవి.

మిగిలినదాన్ని మల్లేశయ్య తానే రెండు చేశాడు. పెద్దవాడు పంచితే చిన్నవాడు ముందు కోరుకోవడం ఆ ఇళ్లలో ఆనవాయితీ. కోపంలో కూడా ఆయన ఆ ఆనవాయితీ తప్పలేదు. "కోరుకో తమ్మీ. ఏ దిక్కు కావాలె నీకు?" అని అడిగాడు.

ధర్మేందర్ గట్టు మీద నిలబడి అటు చూశాడు, ఇటు చూశాడు. ఏ మడిలో నీళ్లు నిలుస్తాయో, ఏ మడి చవుడో ఆయనకు తెలియదు. ఇంత దగ్గర్నుంచి ఆ పొలాన్ని చూసి చాలా ఏళ్లయింది. అన్నను అడగడానికి మొహం చెల్లలేదు. దూరంగా ఊళ్లో తన డాబా, దాని మీద నీళ్ల ట్యాంకు కనబడ్డాయి.

"మా బంగ్లా మీదికెల్లి కనబడే దిక్కు ఇయ్యి అన్నా" అన్నాడు.

మల్లేశయ్య తమ్ముడి ముఖంలోకి చాలాసేపు చూసి, రాయి అక్కడే పాతమని సర్వేయరుకు చెయ్యి ఊపాడు.

పొలానికున్న ఒక్క బోరు రెండో దిక్కున ఉంది.